టీబీ చికిత్సలో ఫాలో-అప్ ఇమేజింగ్: మేము వాడుకున్న సేవపై సమీక్ష

మా చెల్లెలికి ఊపిరితిత్తుల టీబీ ఉందని బయటపెట్టిన తొలి ఎక్స్-రేను ఒక కేంద్రంలో తీయించాం. చికిత్స మొదలైనప్పటి నుంచి ముగిసేవరకు అవసరమైన ఎక్స్-రేలను, మధ్యలో డాక్టరుగారు రాసిన ఒక సీటీ స్కాన్‌ను మరో కేంద్రంలో తీయించాం. ఆ రెండో కేంద్రం సేవ గురించే ఈ సమీక్ష. యంత్రాల విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. రెండు చోట్లా ఉన్నది డిజిటల్ ఎక్స్-రేయే, రిపోర్టు చేతికి రావడానికి పట్టే సమయం కూడా ఇంచుమించు ఒకటే. తేడా కనిపించింది చిత్రం తీసే పద్ధతిలోనూ, దాన్ని పాత చిత్రంతో పోల్చి చదవడంలోనూ. టీబీ మందులు వాడుతున్న మనిషికి ఇమేజింగ్ వల్ల కలిగే మేలంతా ఆ పోలికలోనే ఉందని నా గట్టి నమ్మకం. అందుకే మిగతా సౌకర్యాల కంటే దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా, ఈ సేవ నుంచి ఏమి ఆశించవచ్చో, ఏమి ఆశించకూడదో చెప్పాలి. మందులు పనిచేస్తున్నాయా లేదా అన్నది తేల్చేది ప్రధానంగా కఫ పరీక్షే. మందులకు లొంగే మామూలు టీబీకి 6 నెలల చికిత్సలో మొదటి 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్, ఇథాంబ్యుటాల్ అనే నాలుగు మందులు ఇస్తారు. మిగతా 4 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ ప్రధానంగా నడుస్తాయి. రెండో నెల చివర కఫాన్ని మైక్రోస్కోపు కింద చూడటం, వీలున్న చోట అందులోని క్రిములను ల్యాబులో పెంచి చూసే కల్చర్‌కు పంపడం పద్ధతి. జబ్బు నిర్ధారణకు వాడే జన్యు పరీక్షను చికిత్స మధ్యలో మళ్లీ చేయించినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అది చచ్చిన క్రిముల డీఎన్ఏను కూడా పట్టుకుని పాజిటివ్ అని చూపించగలదు. ఇక ఎక్స్-రే ఎప్పుడూ కఫ పరీక్ష కంటే వెనకే నడుస్తుంది. క్రిములు చచ్చిపోయిన తర్వాత కూడా వాటితో పోరాడిన కణజాలం వాపు తగ్గి, గట్టిపడి, మచ్చగా మారడానికి నెలలు పడుతుంది. కొన్ని మచ్చలు జీవితాంతం ఉండిపోతాయి. కాబట్టి "ఎక్స్-రేలో ఇంకా నీడ కనిపిస్తోంది, అంటే మందు పనిచేయడం లేదు" అని భయపడటం ఎంత పొరపాటో, "నీడ తగ్గింది, ఇక మందులు ఆపేయవచ్చు" అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఈ కేంద్రంలోని రేడియాలజిస్టు ఈ మాటను మేము అడగకముందే మాకు వివరించారు. ఆ ఒక్క వివరణ మా ఇంట్లో చాలా ఆందోళనను తప్పించింది.

మరి ఎక్స్-రే ఎందుకు అంటే, దానికి బలమైన కారణాలే ఉన్నాయి. చికిత్స మొదలైన కొన్ని వారాలకే చాలామందికి దగ్గు తగ్గి, పరీక్షకు ఇవ్వడానికి కఫమే రాదు. కొందరికి మొదటి నుంచీ కఫంలో క్రిమి దొరకదు, లక్షణాలను, ఎక్స్-రేను బట్టే చికిత్స మొదలుపెడతారు. అలాంటివారిలో రెండు నెలల తర్వాత తీసిన ఎక్స్-రే మెరుగుపడిందా లేదా అన్నది అసలు అది టీబీయేనా అన్న అనుమానాన్ని తీర్చడానికి కూడా ఉపయోగపడుతుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం, ఊపిరితిత్తి కుంచించుకుపోవడం, గాలి బయటికి లీకయి ఛాతీలో నిండడం లాంటి చిక్కులు కఫ పరీక్షలో కనిపించవు. అన్నిటికంటే ముఖ్యమైనది గుల్ల సంగతి.

టీబీ వల్ల ఊపిరితిత్తి కణజాలం కరిగిపోయి ఏర్పడే ఖాళీయే ఈ గుల్ల, డాక్టర్లు దీన్ని కావిటీ అంటారు. గుల్ల లోపలికి గాలి ఆడుతుంది కాబట్టి క్రిములు అక్కడ కోట్ల సంఖ్యలో పెరుగుతాయి, మందు మాత్రం దాని గోడ దాటి లోపలికి అంత తేలికగా చేరదు. అందుకే మొదటి ఎక్స్-రేలో గుల్ల ఉండి, రెండు నెలల చికిత్స తర్వాత కూడా కల్చర్ పాజిటివ్‌గా వస్తే, చికిత్సను మొత్తం 9 నెలలకు పొడిగించాలని అమెరికన్ థొరాసిక్ సొసైటీ, సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ), ఐడీఎస్ఏ (అక్కడి అంటువ్యాధి నిపుణుల సంఘం) కలిసి 2016లో వెలువరించిన మార్గదర్శకాలు సూచించాయి. అంటే మొదటి రోజు ఎక్స్-రే రిపోర్టులో రాసే ఒక్క పదం నెలల తరబడి వేసుకోవలసిన మందులను నిర్ణయించగలదు. మేము మొదట వెళ్ళిన కేంద్రం ఇచ్చిన రిపోర్టులో "కుడి ఊపిరితిత్తి పై భాగంలో నీడ ఉంది, వైద్యుని సంప్రదించగలరు" అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యం తప్ప గుల్ల ఉందో లేదో ప్రస్తావనే లేదు. రెండో కేంద్రంలో రేడియాలజిస్టు ఆ పాత చిత్రాన్ని తెరమీద పెద్దది చేసి, కాలర్ ఎముక వెనక సగం దాగి ఉన్న గుల్లను గుర్తించి, దాని వెడల్పును, గోడ మందాన్ని కొలిచి, తమ రిపోర్టులో పాత చిత్రం తేదీ వేసి మరీ రాశారు. వారు తీయని చిత్రానికి అంత శ్రద్ధ చూపించవలసిన అవసరం వారికి లేదు.

తీసే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది బయటివాళ్లకు కనిపించని నాణ్యత. రెండు చిత్రాలను పోల్చాలంటే అవి ఒకే తీరున తీసినవై ఉండాలి. మామూలుగా ఛాతీ ఎక్స్-రేను మనిషిని నిలబెట్టి, ఛాతీని ప్లేటుకు ఆనించి, వీపు వైపు నుంచి కిరణాలు పంపి తీస్తారు. ట్యూబుకూ ప్లేటుకూ మధ్య దూరం సుమారు 180 సెంటీమీటర్లు ఉంటుంది. మంచం మీద పడుకోబెట్టి ముందు నుంచి తీస్తే గుండె పెద్దదిగా కనిపిస్తుంది, భుజం ఎముకలు ఊపిరితిత్తుల మీదికి వస్తాయి, పై భాగం మసకబారుతుంది. ఒకసారి అలా, ఒకసారి ఇలా తీసి "మెరుగైంది", "ముదిరింది" అని రాస్తే ఆ మాటకు విలువ లేదు. ఇక్కడి టెక్నీషియన్ గౌను వేసుకోమని చెప్పే ముందే "పాత ఫిల్ము తెచ్చారా అండీ?" అని అడిగారు. గర్భం వచ్చే అవకాశం ఉందా అని మా చెల్లెలిని పక్కకు పిలిచి మర్యాదగా అడిగి రాసుకున్నారు. జడను పైకి ముడిచి, మెడలో గొలుసు తీయించారు. ఊపిరితిత్తుల పై కొనల మీద జడ నీడ పడితే అది జబ్బులా కనిపించగలదని, టీబీ ఎక్కువగా కూర్చునేది కూడా ఆ పై భాగంలోనేనని వివరించారు. భుజాలను ముందుకు తిప్పించి, గట్టిగా గాలి పీల్చి బిగబట్టమన్నారు. చిత్రం రాగానే మమ్మల్ని పంపించేయకుండా, రెండు కాలర్ ఎముకల లోపలి కొనలు వెన్నుపూస నుంచి సమాన దూరంలో ఉన్నాయా, ఊపిరి నిండుగా పీల్చినట్టు పక్కటెముకల లెక్క సరిపోయిందా అని చూసుకుని, ఆ తర్వాతే సరే అన్నారు. ఒకసారి ఊపిరి సరిగ్గా నిలవక చిత్రం సరిగా రాలేదు. విసుక్కోకుండా, రెండుసార్లు సాధన చేయించి మళ్లీ తీశారు. గాలి తక్కువగా పీల్చిన చిత్రంలో ఊపిరితిత్తుల కింది భాగాలు ఒత్తుకుని కొత్త నీడలున్నట్టు కనిపిస్తాయి. ఆ చిత్రమే మా చేతికి వచ్చి ఉంటే జబ్బు కిందికి పాకిందని ఎవరైనా అనుకునేవారు.

కఫంలో క్రిములున్న దశలో వచ్చే రోగుల కోసం ఇక్కడ గాలి వెలుతురు బాగా వచ్చే వేరే వరండా ఉంది, మాస్కు ఇస్తారు, అందరి ముందు జబ్బు పేరు బిగ్గరగా పిలవరు. టీబీ పేరు వినగానే పక్కవాళ్లు జరిగి కూర్చోవడం చూసినవారికి ఈ చివరి విషయం విలువ తెలుస్తుంది.

ఇక రిపోర్టుల సంగతి. రెండు నెలలప్పటి రిపోర్టు నాకు చాలా నచ్చింది. మొదటి పేరాలోనే ఏ తేదీ చిత్రంతో పోలుస్తున్నారో రాశారు. గుల్ల వెడల్పు తగ్గింది, గోడ పలచబడింది, చుట్టూ ఉన్న నీడ చాలావరకు తేలికపడింది, ఎడమవైపు కొత్తగా ఏమీ లేదు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు లేదు అని వరుసగా చెప్పారు. చివర ఈ మార్పులను కఫం కల్చర్‌తో కలిపి చూడమని డాక్టరుగారికి సూచించారు. "మెరుగుదల ఉంది" అనే రెండు పదాలకూ ఈ రిపోర్టుకూ ఉన్న తేడాను డాక్టరుగారు కూడా గుర్తించారు. జబ్బు విస్తృతిని అంకెల్లో చెప్పే పద్ధతులు కూడా ఉన్నాయి. టిమికా స్కోరు అనే పద్ధతిలో ఊపిరితిత్తుల్లో ఎంత శాతం దెబ్బతిందో అంచనా వేసి, గుల్ల ఉంటే దానికి 40 కలుపుతారు. దెబ్బతిన్న భాగం 30 శాతం ఉండి గుల్ల కూడా ఉంటే స్కోరు 70 అవుతుంది. ఇక్కడి రిపోర్టులో అలాంటి స్కోరు ఇవ్వరు. ఇస్తే నెలనెలా మార్పును గమనించడం ఇంకా తేలికవుతుంది. అయితే ఆ శాతాన్ని ప్రతిసారీ ఒకే వ్యక్తి అంచనా వేస్తేనే దానికి అర్థం ఉంటుంది.

చికిత్స మధ్యలో చిత్రం కొంత ముదిరినట్టు కనిపించడం కూడా అరుదేమీ కాదు. మందులకు క్రిములు చచ్చేకొద్దీ శరీరం వాటి అవశేషాల మీద మరింత తీవ్రంగా స్పందించి, లింఫ్ గ్రంథులు ఉబ్బడం, కొత్తగా నీరు చేరడం లాంటివి జరుగుతాయి. హెచ్ఐవీ ఉండి, దానికి మందులు మొదలుపెట్టినవారిలో ఇది ఎక్కువ. మందు పనిచేయకపోవడం, మందులకు లొంగని క్రిమి ఉండటం, మందులు సరిగా వేసుకోకపోవడం వంటి కారణాలను తోసిపుచ్చిన తర్వాతే దీన్ని ఆ స్పందన అనుకోవాలి కాబట్టి, ఇలాంటి రిపోర్టును ఇంట్లో చదువుకుని కుంగిపోవడం కంటే వెంటనే డాక్టరుకు చూపించడం మేలు.

సీటీ స్కాన్ విషయంలో ఈ కేంద్రం వ్యవహరించిన తీరును ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. సీటీలో ఊపిరితిత్తిని పలచటి ముక్కలుగా చూడగలరు. ఎక్స్-రేలో ఎముకల వెనక దాగిన చిన్న గుల్లలు, సన్నటి శ్వాసనాళాల చివర చిగుళ్లు వేసిన కొమ్మలా కనిపించే చుక్కలు, 1 నుంచి 3 మిల్లీమీటర్ల మిలియరీ టీబీ (రక్తం ద్వారా పాకే టీబీ) గింజలు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. అంత స్పష్టంగా కనిపిస్తుంది కదా అని ప్రతి నెలా సీటీ తీయించుకుంటామనే రోగులను నేను అక్కడే చూశాను, వారికి సిబ్బంది వద్దని చెప్పడమూ విన్నాను. కారణం కిరణాల మోతాదు. ఒక ఛాతీ ఎక్స్-రే మోతాదు 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకంటే తక్కువ. మామూలు ఛాతీ సీటీ మోతాదు 5 నుంచి 7 మిల్లీసీవర్టుల దాకా ఉంటుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాది పొడవునా సగటున అందేదే సుమారు 2.4 మిల్లీసీవర్టులు. అవసరం ఉన్నప్పుడు ఈ మోతాదుకు భయపడనక్కర్లేదు, కానీ ఉబలాటం కొద్దీ తీయించుకోవలసినది కాదు. మా చెల్లెలికి కల్చర్ నెగటివ్ వచ్చిన తర్వాత ఒకరోజు కఫంలో రక్తపు చారలు కనిపించాయి, ఎక్స్-రేలో కారణం తెలియలేదు, అప్పుడు డాక్టరుగారు సీటీ రాశారు. పలచటి గోడతో మిగిలిన ఖాళీ గుల్ల, దాని పక్కన వెడల్పయిన శ్వాసనాళాలు కనిపించాయి. గుల్లలో ఫంగస్ ముద్ద పెరగలేదని, రక్తనాళం ఉబ్బు లేదని రిపోర్టులో విడిగా రాశారు. టీబీ నయమైన గుల్లల్లో రక్తం పడటానికి ఈ రెండూ ముఖ్యమైన కారణాలు కాబట్టి, అవి లేవని రాయడం ఉన్నవాటిని రాయడమంత ముఖ్యం. రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే స్కాన్ కావడంతో ముందుగా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూసి, అలర్జీల గురించి అడిగి, ఆ తర్వాతే బల్ల ఎక్కించారు.

పెట్-సీటీ గురించి అక్కడ గోడమీద ప్రకటన ఉంది కానీ, మామూలు టీబీ చికిత్స పర్యవేక్షణకు దాని అవసరం ఉందని నేను అనుకోను. రేడియోధార్మికత కలిపిన గ్లూకోజు లాంటి పదార్థాన్ని ఎక్కించి, వాపు ఉన్న కణాలు దాన్ని ఎంత పీల్చుకుంటున్నాయో చూసే పరీక్ష అది. పరిశోధనకు అమూల్యమైనదే. దక్షిణాఫ్రికాలో చికిత్స పూర్తిచేసినవారిపై జరిగి 2016లో నేచర్ మెడిసిన్ పత్రికలో వెలువడిన అధ్యయనంలో, నయమైందని తేలిన రోగుల్లో కూడా చాలామంది ఊపిరితిత్తుల్లో వాపు ఇంకా చురుగ్గా ఉన్నట్టు పెట్-సీటీలో కనిపించింది. టీబీ నయం కావడం అంటే ఏమిటన్న ప్రశ్ననే అది కొత్తగా ఆలోచింపజేసింది. కానీ ఆ వెలుగుచుక్కలు చూసి ఒక మామూలు రోగి డాక్టరు మందులు పొడిగించాలా వద్దా అన్నది తేల్చే నియమం ఇంకా వాడుకలో లేదు. కేన్సర్ అనుమానం లాంటి వేరే కారణం ఉంటే తప్ప, టీబీ రోగులు ఆ ప్రకటన చూసి ఆకర్షితులు కానక్కర్లేదు.

ఊపిరితిత్తుల బయట వచ్చే టీబీకి ఈ కేంద్రంలో అల్ట్రాసౌండ్, ఎమ్మారై ఉన్నాయి. మేము వాడలేదు కాబట్టి వాటి నాణ్యతపై తీర్పు చెప్పను. ఛాతీలో, గుండె చుట్టూ చేరిన నీరు తగ్గుతోందా, మెడలోని గడ్డలు చిన్నవవుతున్నాయా అని చూడటానికి అల్ట్రాసౌండ్ చాలు, కిరణాల బెడద లేదు. వెన్నెముక, మెదడు టీబీకి ఎమ్మారై తప్పదు. అక్కడ కూడా నొప్పి తగ్గి మనిషి నడుస్తున్నా ఎముక మజ్జలోని వాపు చిత్రంలో నెలల తరబడి కనిపిస్తూనే ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

ఈ కేంద్రం మీద నాకున్న ముఖ్యమైన అభ్యంతరం, ఎక్స్-రే రిపోర్టు చివర కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే స్కోరును ముద్రించడం. ఛాతీ ఎక్స్-రేను చదివి టీబీ ఉండే అవకాశాన్ని అంకెగా చెప్పే సాఫ్ట్‌వేర్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసిన మాట నిజమే. కానీ ఆ సిఫారసు 15 ఏళ్లు, ఆపై వయసువారిలో టీబీ ఉందేమో జల్లెడ పట్టడానికీ, ఎవరిని తదుపరి పరీక్షలకు పంపాలో తేల్చడానికీ మాత్రమే. రేడియాలజిస్టులు తక్కువగా ఉన్న చోట ఆ పనికి అవి ఎంతో మేలు చేస్తాయి. చికిత్స నడుస్తున్న మనిషి ఎక్స్-రేను దానికి ఇస్తే, మానిపోతున్న మచ్చను, చురుగ్గా ఉన్న జబ్బును వేరుచేయలేక ఎక్కువ స్కోరు ఇచ్చే అవకాశం ఉంది. మా చెల్లెలి విషయంలో అదే జరిగింది. రేడియాలజిస్టు స్పష్టంగా మెరుగైందని రాసిన రిపోర్టు కిందనే, టీబీ ఉండే అవకాశం ఎక్కువ అన్న అర్థం వచ్చే అంకె ఉంది. మా అమ్మ పైన రాసిన పేరాలన్నీ వదిలేసి ఆ అంకెనే పట్టుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. ఈ విషయం కౌంటర్లో చెబితే రాసుకున్నారు, కానీ తర్వాతి రిపోర్టులో కూడా ఆ అంకె అలాగే వచ్చింది. చికిత్సలో ఉన్నవారి రిపోర్టుల నుంచి దాన్ని తీసేయడం పెద్ద పని కాదు, తప్పక చేయవలసిన పని.

రెండో అభ్యంతరం చిత్రాలు ఇచ్చే విధానం. ఫిల్ము, రిపోర్టు అడగకుండానే ఇస్తారు. పూర్తి వివరాలతో అసలు చిత్రాలుండే డైకామ్ ఫైళ్ల సీడీ మాత్రం అడిగితేనే ఇస్తారు, అడగనివారికి ఫోనుకు ఫొటో పంపి సరిపెడతారు. ఫోనులో వచ్చిన ఫొటోలో వెలుగునీడలను సవరించి చూడటం కుదరదు, కొలతలు తీయడం కుదరదు, పై కొనల్లోని సన్నటి మార్పులు పోతాయి. ఊరు మారినా డాక్టరు మారినా పనికొచ్చేది డైకామ్ ఫైలే కాబట్టి అది అడగకుండానే అందరికీ ఇవ్వాలి.

చికిత్స ముగింపులో తీసిన ఎక్స్-రే గురించి రేడియాలజిస్టు మాకు చెప్పిన మాట, టీబీ చికిత్స పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ చేరాలి. ఆ చిత్రంలో కుడివైపు పైన గీతల్లాంటి మచ్చలు, చిన్న ఖాళీ మిగిలాయి. "ఇక నుంచి మీకు మామూలు ఎక్స్-రే అంటే ఇదేనమ్మా, దీన్ని భద్రంగా దాచుకోండి" అన్నారు. రేపు ఎప్పుడైనా ఉద్యోగం కోసమో, వీసా కోసమో, జ్వరం వచ్చో ఎక్స్-రే తీస్తే, పోల్చడానికి ఈ చిత్రం లేకపోతే ఆ మచ్చలనే చూసి టీబీ మళ్లీ వచ్చిందని అనుమానించి, అక్కర్లేని మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. నిజంగా తిరగబెడితే, దాన్ని తొందరగా పట్టుకోవడానికి కూడా ఇదే ఆధారం.

మొత్తం మీద 5కు 4 ఇస్తున్నాను. తీసే పద్ధతికి, రిపోర్టు రాసే శ్రద్ధకు, అక్కర్లేని సీటీలను వద్దని చెప్పే నిజాయితీకి ఆ నాలుగు. తగ్గించిన ఒకటి సాఫ్ట్‌వేర్ స్కోరుకు, సీడీకి. టీబీ చికిత్సలో ఉన్నవారు ఇక్కడికి నిశ్చింతగా వెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు తొలి ఎక్స్-రేను, ఎక్కడ తీసినదైనా సరే, ఫిల్ముతో సహా వెంట తీసుకెళ్లండి, రిపోర్టు చివరి అంకెను పక్కన పెట్టి పోలిక రాసిన పేరాను డాక్టరుగారితో చదివించుకోండి.